కొత్త కామెడీ, స్లైస్ ఆఫ్ లైఫ్ ఆనిమే: మొదటి ఎపిసోడ్ చూసి తేల్చేయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ప్రతి సీజన్‌లో కామెడీ, స్లైస్ ఆఫ్ లైఫ్ (పెద్ద కథ లేకుండా రోజువారీ బతుకు చూపించే) ఆనిమేలు, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, కుప్పలుగా వచ్చిపడుతున్నాయి, అన్నీ చూసే టైమ్ లేదు. "యురు క్యాంప్" మొదటి ఎపిసోడ్ చూసి "ఏమీ జరగలేదు" అని ఆపేశారు. జింక పాట వైరల్ అయిందని "నోకోతాన్" మొదలుపెట్టి మూడో ఎపిసోడ్‌కల్లా విసిగిపోయారు. "సిటీ" అయితే తలా తోకా అర్థం కాలేదు. మూడు ఎపిసోడ్లు చూశాకే తేల్చాలని అందరూ చెప్పే రూల్ ఇక్కడ పనికొస్తుందా, మొదటి ఎపిసోడ్‌లో అసలు ఏం చూడాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఈ రెండు కోవలకూ ఆ రూల్ అక్కర్లేదు. కామెడీకి ఒక ఎపిసోడ్ చాలు, స్లైస్ ఆఫ్ లైఫ్‌కి రెండు కావాలి. కామెడీలో మొత్తం ఎపిసోడ్ మీద ఒక్కసారైనా మీ ప్రమేయం లేకుండా పైకి నవ్వారా అన్నదే లెక్క. స్లైస్ ఆఫ్ లైఫ్‌లో కథ ఏమైందని చూడకండి, ఆ చోట ఆ మనుషులతో ఇంకో అరగంట కూర్చోవాలనిపించిందా అని చూడండి. అనిపిస్తే రెండో ఎపిసోడ్. దాంతో తేలిపోతుంది.

నేను ఓటీటీలకు సబ్‌టైటిల్స్ చేసే పనిలో ఉన్నాను. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో కొత్త సీజన్ మొదలైనప్పుడల్లా తొలి ఎపిసోడ్లు వరసపెట్టి చూసి, మా తెలుగు ఆనిమే గ్రూప్‌లో "ఇది చూడొచ్చు, ఇది వద్దు" అని రాయడం చాలా ఏళ్ళుగా ఉన్న అలవాటు. కాబట్టి కింద చెప్పేది కొంత అభిరుచి, కొంత పని వల్ల పట్టుబడ్డ విషయం.

ముందు ఆ మూడు ఎపిసోడ్ల సంగతి. 2011లో వచ్చిన "మాడోకా మాజికా" మూడో ఎపిసోడ్‌లో కథ ఒక్కసారిగా తలకిందులైంది. ఆ తర్వాత ఈ మాట మరీ ఎక్కువగా వినిపించడం మొదలైంది. సస్పెన్స్, ఫాంటసీ, యాక్షన్ కథలకు అది సబబే. వాళ్ళు చేతిలో ముక్క దాచిపెట్టుకుని ఆడతారు, మనం ఓపిక పట్టాలి. స్లైస్ ఆఫ్ లైఫ్‌లో దాచిపెట్టడానికి ఏముంటుంది? నలుగురు అమ్మాయిలు టీ తాగుతున్నారంటే మూడో ఎపిసోడ్‌లోనూ టీయే తాగుతారు. ఆ టీ తాగడం మీకు నచ్చాలి, అంతే.

ఇక మీరు వదిలేసిన "యురు క్యాంప్" దగ్గరికే వద్దాం. దాని మొదటి ఎపిసోడ్ ఈ కోవలో పాఠ్యపుస్తకం లాంటిదని నా నమ్మకం. 2018 జనవరిలో వచ్చింది, సి-స్టేషన్ స్టూడియో, దర్శకుడు యోషియాకి క్యోగోకు. రిన్ అనే అమ్మాయి చలికాలంలో సైకిల్ తొక్కుకుంటూ ఒక్కతే మోతొసు సరస్సు ఒడ్డుకు వెళ్తుంది. సీజన్ కాదు కాబట్టి జనం లేరు. టెంట్ వేస్తుంది, చితుకులు ఏరుతుంది, పైన్ కాయలు ఏరుతుంది, మంట వేస్తుంది, పుస్తకం తీసుకుని కూర్చుంటుంది. ఎపిసోడ్‌లో చాలాసేపు ఇదే. మాటలు చాలా తక్కువ. మధ్యమధ్యలో అకియో ఓత్సుకా గంభీరమైన గొంతుతో మంట ఎలా వేయాలో చెబుతుంటాడు. మీరు "ఏమీ జరగలేదు" అన్నది బహుశా ఈ భాగం గురించే.

కానీ అక్కడ జరుగుతున్నది ఏమిటో చూడండి. ఒంటరిగా ఉండటం ఈ పిల్లకు శిక్ష కాదు, ఇష్టం. ఆ విషయం ఒక్క డైలాగ్‌లో కూడా చెప్పరు. కుర్చీ ఏ వైపు తిప్పుకుందో, చలికి ఎలా ముడుచుకుందో, మంట అంటుకున్నాక మొహం ఎలా సడలిందో, అన్నీ చేతల్లోనే ఉన్నాయి. ఇదంతా మనం ఓపిగ్గా చూశాక రాత్రి నదేషికో వస్తుంది. అప్పటి వెయ్యి యెన్ నోటు వెనకున్న ఫుజి కొండ బొమ్మ ఇక్కడిదేనని తెలిసి సైకిల్ మీద బయల్దేరి, ఇక్కడికొచ్చి నిద్రపోయి, చీకటి పడ్డాక భయంతో ఏడుస్తున్న పిల్ల. ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెడితే పేకముక్కలు బయటికొస్తాయి. రిన్ ఆమెకు కప్ నూడుల్స్ ఇవ్వబోతూ మొహంలో ఏ మార్పూ లేకుండా 1500 యెన్ అంటుంది. నదేషికో నిజమనుకుని, 15 వాయిదాల్లో కడతానని బతిమాలుతుంది. అబద్ధంలే అంటుంది రిన్.

ఆ జోక్ పేలిందంటే దానికి ముందున్న మౌనం వల్లే. అంతసేపు నోరు విప్పని పిల్ల మొదటిసారి వేళాకోళం ఆడింది. అంటే ఒంటరిగా ఉండటం ఇష్టమైన మనిషి ఇంకొకరిని పక్కన కూర్చోనిచ్చిందని అర్థం. ఆ ముందు భాగాన్ని మీరు ఫోన్‌లో 1.5 స్పీడ్‌లో చూసి ఉంటే (చాలామంది అలాగే చూస్తారు, మీ మీద అనుమానం కాదు) ఇది మామూలు నూడుల్స్ సీన్‌లాగే కనిపిస్తుంది.

అందుకే నా మొదటి సలహా: స్లైస్ ఆఫ్ లైఫ్‌ని మౌనంతో కొలవండి. ఎవరూ మాట్లాడని చోట ఏం వినిపిస్తోంది? గాలి, అడుగుల చప్పుడు, దూరంగా వెళ్ళే బండి, గిన్నెల మోత ఉన్నాయా, లేక ప్రతి ఖాళీనీ గిటార్ మ్యూజిక్‌తో నింపేశారా? మౌనాన్ని నమ్మని దర్శకుడికి తన పాత్రల మీద కూడా నమ్మకం లేదని నాకనిపిస్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే ఈ తేడా రెండు నిమిషాల్లో పట్టేయొచ్చు.

రెండోది, మొదటి ఐదు నిమిషాలు చూసి తీర్పు ఇవ్వకండి. ఎపిసోడ్ మొత్తం 24 నిమిషాల లోపు ఉంటుంది, అందులో ఓపెనింగ్, ఎండింగ్ పాటలు చెరో నిమిషంన్నర. మిగిలిన 21 నిమిషాలూ మధ్యలో వచ్చే ఐక్యాచ్‌తో (కొన్ని సెకన్ల టైటిల్ బొమ్మ) రెండు ముక్కలవుతాయి. మొదటి ముక్కలో సాధారణంగా పరిచయాల గోలే ఉంటుంది: ఈమె బడాయి పిల్ల, ఈయన బద్ధకస్తుడు, ఇది మా బడి. అసలు సిరీస్ ఎలా ఉండబోతోందో తెలిసేది రెండో ముక్కలో. ఐక్యాచ్ తర్వాత కూడా పరిచయాలే నడుస్తుంటే నేను గడియారం చూడటం మొదలుపెడతాను.

మొదటి ఎపిసోడ్‌ని పూర్తిగా నమ్మలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. చాలా సిరీస్‌లలో తొలి ఎపిసోడ్ స్టోరీబోర్డ్‌ను దర్శకుడే స్వయంగా గీస్తాడు, స్టూడియోలో మంచి యానిమేటర్లు దాని మీదే పనిచేస్తారు, టైమ్ కూడా ఎక్కువ దొరుకుతుంది. షోరూమ్‌లో పెట్టిన బండి అన్నమాట. రెండో ఎపిసోడ్ నుంచి రోజువారీ టీమ్ చేతికొస్తుంది. యాక్షన్ సిరీస్‌లో ఇది ఫైట్లలో తెలుస్తుంది. ఈ కోవలో చిన్నచిన్న వాటిలో తెలుస్తుంది: చేతులు, నడక, నలుగురు ఒకే ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు మాట్లాడని ముగ్గురు ఏం చేస్తున్నారన్నది. రెండో ఎపిసోడ్‌లో ఆ ముగ్గురూ బొమ్మల్లా బిగుసుకుపోయి నిలబడితే, ముందు ముందు ఇంకా బిగుసుకుంటారనుకోవచ్చు. స్లైస్ ఆఫ్ లైఫ్‌కి రెండు ఎపిసోడ్లు చూడమన్నది ఇందుకే.

ఇప్పుడు కామెడీ. ఇక్కడ నా వృత్తి అడ్డు తగులుతుంది, సబ్‌టైటిల్స్ గురించి మాట్లాడక తప్పదు.

జపనీస్ కామెడీలో ఎక్కువ భాగం ఇద్దరి ఆట. ఒకరు వెర్రిమొర్రి పని చేస్తారు, రెండోవాళ్ళు "ఏంటిది!" అని తగులుకుంటారు. నవ్వు వెర్రి పనికి రాదు, తగులుకున్న క్షణంలో వస్తుంది. మన సినిమాల్లో జోక్ ఎవరో వేసినా, కెమెరా బ్రహ్మానందం మొహం మీదికి వెళ్ళాకే హాలు పగిలేది గుర్తుంది కదా, అదే లెక్క. ఇప్పుడు సబ్‌టైటిల్ ఏం చేస్తుందో చూడండి. నటి ఇంకా వాక్యం మొదలుపెట్టకముందే రెండు లైన్లూ తెర మీద పడిపోతాయి. మన కన్ను ముందే చదివేస్తుంది. నటి పంచ్ దగ్గరికి వచ్చేసరికి మనం నవ్వేసి ఉంటాం, లేదా నవ్వకుండా దాటేసి ఉంటాం. పైన చెప్పిన నూడుల్స్ సీన్‌లో "1500 యెన్", "15 వాయిదాలు" అన్న రెండు మాటలూ ఒకే సబ్‌టైటిల్‌లో పెట్టేస్తే జోక్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. మధ్యలో విడగొట్టి, రెండోది సరిగ్గా గొంతుతో పాటు పడేలా చేస్తే బతుకుతుంది. ఇది కొన్ని ఫ్రేముల తేడా, అంతకు మించి ఏమీ లేదు.

కాబట్టి ఒక కామెడీ మొదటి ఎపిసోడ్ పేలలేదంటే తప్పు ఎవరిదో ఒకసారి చూసుకోండి. మాటల్లేని జోకులకు నవ్వు వచ్చిందా? మొహాలకు, పడిపోవడాలకు, హఠాత్తుగా కట్ చేసిన షాట్లకు నవ్వొచ్చి, మాటలకు మాత్రం రాలేదంటే తప్పు సబ్‌టైటిల్స్‌ది కావచ్చు, ఇంకో అవకాశం ఇవ్వొచ్చు. రెండింటికీ రాలేదంటే మీకూ దానికీ సరిపడలేదు. ఎన్ని ఎపిసోడ్లు చూసినా టైమింగ్ మారదు. ఒక దర్శకుడికి ఉన్న హాస్యపు లయ మూడో వారంలో హఠాత్తుగా మారిపోదు. కామెడీకి ఒకటి చాలన్నది అందుకు.

ఒక మంచి కామెడీ మొదటి ఎపిసోడ్ ఎలా ఉంటుందో చూడాలంటే "బొచ్చి ద రాక్" చూడండి. 2022 అక్టోబర్, క్లోవర్‌వర్క్స్ స్టూడియో, కెయిచిరో సైతోకు దర్శకుడిగా మొదటి సిరీస్. హితోరి గోతో (ముద్దుపేరు బొచ్చి) అనే పిల్లకు నలుగురిలో నోరు పెగలదు. గిటార్ మాత్రం ఇంట్లో కూర్చుని ఏళ్ళ తరబడి సాధన చేసింది. హైస్కూల్లో ఎవరైనా పలకరిస్తారేమోనని ఒకరోజు గిటార్ భుజానికి తగిలించుకుని, బ్యాగ్ నిండా బ్యాండ్ల బ్యాడ్జీలు పెట్టుకుని, చేతికి రిస్ట్‌బ్యాండ్లు వేసుకుని వెళ్తుంది. ఒక్కరు కూడా పలకరించరు. సాయంత్రం పార్కులో ఉయ్యాల మీద కూర్చుని ఉంటే నిజికా అనే అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చి, తమ గిటారిస్ట్ పారిపోయిందని, ఈ ఒక్కరోజుకు సాయం చేయమని అడుగుతుంది. అలా టోక్యోలోని షిమోకితజావాలో ఒక లైవ్ హౌస్‌లో (బ్యాండ్లు వాయించే చిన్న హాలు) మొదటి ప్రదర్శన ఇవ్వాల్సి వస్తుంది. జనం మొహాలు చూడలేక మామిడిపళ్ళ అట్టపెట్టెలో దూరి, లోపలి నుంచే గిటార్ వాయిస్తుంది. పెట్టె మీద బాగా పండిన మామిడి అని రాసి ఉంటుంది.

అట్టపెట్టె సీన్ ఎవరైనా రాయగలరు. ఇక్కడ గొప్పేమిటంటే ఆ పిల్లను చూసి మనం నవ్వుతున్నాం, అయినా ఆ పిల్ల మనకు అలుసు కాలేదు. ఆ పెట్టెలో దూరడం ఆమె లెక్క ప్రకారం చాలా తెలివైన ఉపాయం. ఆమె బుర్ర లోపలి నుంచి చూస్తే అంతా సబబుగానే ఉంటుంది, బయటినుంచి చూస్తేనే నవ్వొస్తుంది. పైగా ఆ ప్రదర్శన అద్భుతంగా ఏమీ ఉండదు. ఇంట్లో ఒంటరిగా ఎంత బాగా వాయించినా నలుగురితో కలిసి వాయించడం వేరే విద్య అని ఆ ఎపిసోడ్‌లోనే చూపించేశారు. సిరీస్ మొత్తానికి కావలసిన ఇంధనం అది. ఒరిజినల్ మాంగా (జపాన్ కామిక్) నాలుగు గడుల జోకుల మాంగా. అలాంటి వాటిని ఆనిమేగా మార్చినప్పుడు తరచూ ముక్కముక్కలుగా, కుదుపులతో నడుస్తుంది. ఇక్కడ ఆ అతుకులు కనబడవు.

ఇందులోంచి నేను పట్టుకున్న పరీక్ష ఇది: జోక్ పాత్రలోంచి వచ్చిందా, అరుపులోంచి వచ్చిందా? ఆ జోక్‌ను ఎత్తి పక్క పాత్రకు ఇచ్చినా అంతే నవ్వొస్తే అది అరుపు. బొచ్చి పెట్టెను నిజికాకు ఇవ్వలేరు.

ఇక "నోకోతాన్". 2024 జులై, విట్ స్టూడియో. సిరీస్ మొదలవకముందే ఆ "షికానోకో నోకోనోకో" పాట ముక్క ఇంటర్నెట్ అంతా తిరిగింది, గంట సేపు అదే తిరిగే వీడియో కూడా పెట్టారు. మొదటి ఎపిసోడ్ మొదలవడం కూడా బాగుంటుంది: ఒకప్పటి రౌడీ పిల్లనన్న సంగతి దాచి మర్యాదస్తురాలిలా తిరుగుతున్న తొరాకోకు, కరెంటు తీగలకు వేలాడుతున్న జింక కొమ్ముల అమ్మాయి నోకోతాన్ కనిపిస్తుంది. నేను నవ్వాను. కానీ ఆ ఎపిసోడ్ పూర్తయ్యేసరికే ఇబ్బంది తెలిసిపోతుంది. జింక ఏదైనా చేయగలదు, దానికి ఏ నియమమూ లేదు. నియమం లేని చోట దాన్ని తప్పడమూ ఉండదు, ఆశ్చర్యమూ ఉండదు. తొరాకో ప్రతిసారీ అదే స్థాయిలో అరవాలి. మీరు మూడో ఎపిసోడ్‌కి విసిగిపోవడంలో వింతేమీ లేదు. వదిలేయండి, పాట ఎలాగూ యూట్యూబ్‌లో ఉంది. ఇలాంటి వెర్రితనం మనసుకు పట్టేవాళ్ళూ ఉన్నారు, మా గ్రూప్‌లో ఒకరు దీనికోసం నాతో వారాల తరబడి వాదించారు.

దీన్నుంచి చిన్న జాగ్రత్త: రాకముందే పాటతోనో మీమ్‌తోనో వైరల్ అయిన కామెడీకి మీరు మామూలు కన్నా ఎక్కువ ఆశతో వెళ్తారు. అలాంటివి రెండు మూడు వారాలు ఆగి చూడటం మేలు.

"సిటీ" అర్థం కాకపోవడం వేరే కథ, అక్కడ మీరు తొందరపడ్డారేమో. 2025 జులైలో క్యోటో యానిమేషన్ చేసింది. మాంగా రాసింది కెయిచి అరావి, "నిచిజో" రాసినాయనే. "నిచిజో"ని కూడా అదే స్టూడియో 2011లో చేసింది. అప్పట్లో జపాన్‌లో డిస్కులు అంతగా అమ్ముడుపోలేదు, తర్వాత తర్వాత ప్రపంచమంతా నెత్తిన పెట్టుకుంది. అందులో మొదటి ఎపిసోడ్‌లోనే బడికి నడిచెళ్తున్న యూకో నెత్తిన ఆకాశం నుంచి బొమ్మలు, ఆ పైన ఓ సాల్మన్ చేప పడతాయి. ఎందుకు పడ్డాయని ఎవరూ వివరించరు. కొంచెం ముందు ఇంకో చోట జరిగిన పేలుడును మీరు గుర్తుపెట్టుకుంటే మీకే తెలుస్తుంది. అరావి పద్ధతే అది. కారణం ఒక చోట, ఫలితం ఇంకో చోట.

"సిటీ"లో ఆ పద్ధతిని ఊరంతటికీ పరిచాడు. అద్దె కట్టని నగుమో, ఆమె వెంటపడే ఇంటి ఓనరమ్మ, కెమెరా పట్టుకు తిరిగే నీకురా, హోటల్ నడిపే కుటుంబం, పోలీసాయన, ఇలా బోలెడుమంది. మొదటి ఎపిసోడ్‌లో వీళ్ళంతా పేర్లు గుర్తుపెట్టుకోలేని గుంపు. హీరో ఎవరని వెతికితే చిరాకే మిగులుతుంది, ఎందుకంటే హీరో ఆ ఊరే. ఐదో ఎపిసోడ్‌లో తెరను ముక్కలు ముక్కలుగా విడగొట్టి, ఒకే సమయంలో ఊళ్ళో వేర్వేరు చోట్ల జరిగేవన్నీ పక్కపక్కనే నడిపిస్తారు. అక్కడికి చేరేసరికి ఆ గుంపులో మీకు పరిచయస్తులు ఏర్పడి ఉంటారు. గుంపు పాత్రల కామెడీలకు మాత్రం నా "ఒక్క ఎపిసోడ్" లెక్క వర్తించదు. ఎన్ని జోకులు పేలాయని కాక, పేలినవి ఎంత గట్టిగా పేలాయని చూడండి. ఐదింటిలో ఒకటి పొట్ట పట్టుకునేలా చేస్తే చాలు, కొనసాగించొచ్చు.

మిగతావి త్వరగా.

"మకెయినే" (2024 జులై, ఏ-1 పిక్చర్స్): ప్రేమకథల్లో ఓడిపోయిన అమ్మాయిల మీద కామెడీ. మొదటి ఎపిసోడ్‌లో రెస్టారెంట్‌లో యానామి ప్రేమ విఫలమవుతుంది. ఆ అబ్బాయి వెళ్ళిపోగానే అతని గ్లాసులో స్ట్రాతో మిగిలింది తాగబోతూ క్లాస్‌మేట్ నుకుమిజు కంటపడుతుంది. బిల్లు నుకుమిజు కడతాడు, ఆ అప్పు ఆమె లంచ్ బాక్సులు వండిపెట్టి తీరుస్తుంటుంది. సిగ్గు, ఆకలి, లెక్కలు, మూడూ ఒకే సీన్‌లో. కథ జరిగేది టోక్యోలో కాదు, ఐచి రాష్ట్రంలోని తొయొహాషిలో, ఆ ఊరి వాసన బాగా తెలుస్తుంది. రొమాంటిక్ కామెడీల్లో మొదటి ఎపిసోడ్ ఇంత నిండుగా ఉండటం అరుదు.

"స్కిప్ అండ్ లోఫర్" (2023 ఏప్రిల్, పి.ఏ. వర్క్స్): నోతో ద్వీపకల్పంలోని పల్లె నుంచి మిత్సుమి టోక్యో హైస్కూల్‌కి వస్తుంది. జీవితమంతా ప్లాన్ వేసుకుంది: పెద్ద యూనివర్సిటీ, ప్రభుత్వ ఉద్యోగం, చివరికి సొంత ఊరికి తిరిగొచ్చి సేవ. మొదటిరోజే రైళ్ళ దగ్గర దారి తప్పుతుంది. ఎలాగోలా చేరి, కొత్త విద్యార్థుల తరఫున ప్రసంగం చేసి, ఆ టెన్షన్‌కి టీచర్ మీద వాంతి చేసుకుంటుంది. ఊళ్ళో ఫస్ట్ ర్యాంకుతో వచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటర్‌లో చేరిన ఎవరికైనా ఆ పిల్ల మొహం తెలిసిన మొహమే. మీలాంటివాళ్ళకు, అంటే "ఏమీ జరగలేదు" అని ఆపేసేవాళ్ళకు, నేను మొదట ఇచ్చేది ఇదే. ఇందులో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, అయినా ఇది నూటికి నూరుపాళ్ళు స్లైస్ ఆఫ్ లైఫ్.

"అపోకలిప్స్ హోటల్" (2025 ఏప్రిల్, సైగేమ్స్‌పిక్చర్స్): మాంగా నుంచి తీసింది కాదు, సొంత కథ. మనుషులు భూమిని వదిలి వెళ్ళిపోయి ఏళ్ళూ పూళ్ళూ గడిచాక కూడా టోక్యోలోని గింజాలో ఒక హోటల్‌ను యాచియో అనే రోబో, రోజూ అతిథులు వస్తారన్నట్టే నడుపుతుంటుంది. మొదటి ఎపిసోడ్‌లో పెద్ద సంక్షోభం ఏమిటంటే ఒక షాంపూ హ్యాట్ (తలస్నానంలో నురగ కళ్ళలో పడకుండా పెట్టుకునేది) కనబడకపోవడం. ప్రపంచం అంతమైపోయింది, ఈవిడ షాంపూ హ్యాట్ వెతుకుతోంది. నవ్వూ దిగులూ ఒకే దారిలో పోయే సిరీస్ అని అక్కడే తెలిసిపోతుంది.

"రూరి రాక్స్" (2025 జులై, స్టూడియో బైండ్): స్ఫటికాల నగ కొనుక్కోవడానికి డబ్బుల్లేని హైస్కూల్ పిల్ల రూరి, కొండల్లో అవి ఊరికే దొరుకుతాయని విని బయల్దేరి, ఖనిజశాస్త్రం చదివే నాగి చేతికి చిక్కుతుంది. సైన్స్ నిజంగా చెబుతారు, రాళ్ళను గీసిన తీరు చూసి తీరాలి. పాత్రల ఆకారాలు గీసిన పద్ధతి మీద మాత్రం కొందరికి అభ్యంతరం ఉంది, అందులో న్యాయం ఉంది. హాల్లో అమ్మానాన్నల ముందు టీవీలో పెట్టేముందు ఆలోచించుకోండి. ఈ జాగ్రత్త చాలా కామెడీలకు వర్తిస్తుంది. "మై డ్రెస్-అప్ డార్లింగ్" మనసున్న కథే, కానీ ఇంట్లో అందరితో కూర్చుని చూసేది కాదు.

పాతవి అడగలేదు కానీ ఒక్కటి చెప్పి తీరాలి. 2013లో వచ్చిన "నాన్ నాన్ బియోరి" మొదటి ఎపిసోడ్. కొత్తగా చేరిన హోతారుతో కలిపి మొత్తం ఐదుగురు పిల్లలున్న పల్లె బడి, అందరూ ఒకే గదిలో. అందరికన్నా చిన్నదైన రెంగే చాలా సీరియస్‌గా ఒక అనుమానం లేవనెత్తుతుంది: మనది పల్లెటూరా? మిగతావాళ్ళు కాదని నిరూపించడానికి పడే పాట్లే కామెడీ. చుట్టూ పొలాలు, కొండలు, మనిషి జాడ లేని రోడ్డు కనిపిస్తూనే ఉంటాయి. నాలుగో ఎపిసోడ్‌లో రెంగే మొహాన్ని చాలాసేపు కదలకుండా పట్టుకున్న షాట్ ఒకటుంది. ఎందుకో చెప్పను. మొదటి ఎపిసోడ్ నచ్చకపోతే అక్కడిదాకా వెళ్ళమని మాత్రం బలవంతం చేయను. నచ్చినవాళ్ళు ఎలాగూ వెళ్తారు.

తెలుగు డబ్బింగ్ గురించి కూడా అడిగారు. షిన్‌చాన్, డోరేమాన్ తెలుగులో చూసి నవ్విన మనకు కామెడీ తెలుగులో ఎంత బాగా పండుతుందో వేరే చెప్పక్కర్లేదు, సబ్‌టైటిల్ గొడవే ఉండదు. కానీ ఇప్పుడు తెలుగులోకి వస్తున్నవి ఎక్కువగా యాక్షన్‌వే. "సోలో లెవలింగ్" వచ్చింది, 2025 సెప్టెంబర్‌లో "డీమన్ స్లేయర్" సినిమా తెలుగులో థియేటర్లలో ఆడింది. ప్రశాంతంగా సాగే సిరీస్‌లకు ఆ యోగం అంతగా పట్టడం లేదు. అందాకా జపనీస్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్‌తో చూడండి, వీలైతే ఫోన్‌లో కాకుండా కొంచెం పెద్ద తెర మీద. చిన్న తెర మీద కన్ను అక్షరాలకే అతుక్కుపోతుంది, మొహాలు చూడదు. కామెడీ అంతా ఆ మొహాల్లోనే ఉంది.

చూసే వేళ కూడా ముఖ్యమే. స్లైస్ ఆఫ్ లైఫ్‌ని వరసగా ఆరు ఎపిసోడ్లు లాగించకండి. ఇవి వారానికొకటి, అర్ధరాత్రి స్లాట్‌లో, పని ముగించుకుని వచ్చినవాళ్ళు పడుకోబోయే ముందు చూసుకోవడానికి తయారైనవి. వరసగా చూస్తే మూడోదానికే అంతా ఒకేలా ఉందనిపిస్తుంది. రాత్రికి ఒకటి చాలు.

మీకు నా వరస ఇది. ముందు "స్కిప్ అండ్ లోఫర్" రెండు ఎపిసోడ్లు. తర్వాత "బొచ్చి" ఒకటి, నవ్వు రాకపోతే మొహమాటం లేకుండా వదిలేయండి. ఈ రెండూ అయ్యాక "యురు క్యాంప్" మొదటి ఎపిసోడ్ మళ్ళీ పెట్టండి, ఇయర్‌ఫోన్స్‌తో, మామూలు స్పీడ్‌లో. అప్పటికీ విసుగొస్తే అది మీకు సరిపడే సరుకు కాదు, ఇక దాని జోలికి వెళ్ళక్కర్లేదు. "సిటీ" చివర్న, కనీసం ఐదో ఎపిసోడ్ దాకా. చూశాక ఎక్కడ ఆపారో, ఏ నిమిషం దగ్గర ఆపారో ఇక్కడే రాయండి. ఆ నిమిషం తెలిస్తే తర్వాత ఏది చూడాలో చెప్పడం నాకు తేలిక.